స్టాండు కాలి కింద కాగితం

ఇళ్ళలో సముద్రపు నీటి తొట్టెలు పెట్టడం, వారానికోసారి వెళ్ళి వాటిని చూసుకోవడం నా వృత్తి. కాకినాడ నుంచి భీమవరం దాకా ఇరవై ఏళ్ళకు పైగా ఆ పని చేశాను. అంతకు ముందు రొయ్యపిల్లల హేచరీలో తొమ్మిదేళ్ళు ఉన్నాను. మోకాళ్ళు మొరాయించడంతో ఈమధ్యే మానేశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు ఫోన్ చేసి, "రత్నం గారూ, మీ అనుభవాలు రాయండి" అంటున్నారు. ఏ లైటు మంచిది, ఏ పంపు మన్నుతుంది అన్నవి నన్ను అడగక్కర్లేదు, షాపువాళ్ళు అడక్కుండానే చెబుతారు. నేను చెప్పాల్సింది ఒక్కటే ఉంది. అది చెప్పడానికి నాకు సిగ్గు. అందుకని ముందు నా గొప్పలు కొన్ని చెప్పుకుంటాను, ఓపిక పట్టండి.

మాది సముద్రం ఒడ్డున వేట మీద బతికే కుటుంబం. నాన్న పడవ మీద వెళ్ళేవాడు, అమ్మ గంప నెత్తిన పెట్టుకుని చేపలు అమ్మేది. నేను హేచరీ మానేసి ఇళ్ళలో చేపల తొట్టెలు పెడుతున్నానని చెబితే అమ్మ చాలాసేపు ఆలోచించింది.

"చేపను కొని, దానికి మేత కొని, కరెంటు పెట్టి, వండుకోకుండా చూస్తా కూచుంటారా?" అంది. "డబ్బున్నోళ్ళకి ఇదేం జబ్బురా?"

ఆ జబ్బు వల్లే మా పిల్లలు చదువుకున్నారు కాబట్టి నేను దాన్ని ఏమీ అనను.

నోట్లో సముద్రం

హేచరీలో మా మేనేజరు రాజుగారు. నీటిలో ఉప్పు ఎంత ఉందో చూసే మీటరు మాకు ఒకటి ఉండేది. దాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి, బీరువాలో పెట్టి, తాళం వేసి, ఆ తాళంచెవి మొలతాడుకు కట్టుకునేవారు రాజుగారు. బయటకు తీస్తే పాడైపోతుందని ఆయన భయం. మరి ఉప్పు ఎలా చూసేవారంటే, చూపుడువేలు నీటిలో ముంచి, నాలుక మీద రాసుకుని, కళ్ళు మూసుకుని, "ఇరవై ఎనిమిది" అనేవారు, అంటే లీటరుకు అన్ని గ్రాముల ఉప్పని. పైనుంచి ఎవరైనా తనిఖీకి వచ్చిన రోజున మీటరు బయటకు తీస్తే, దాదాపుగా అంతే ఉండేది.

నేనూ ఆ విద్య పట్టాను. రెండేళ్ళు తిరిగేసరికి ఆయన ఇరవై ఎనిమిది అన్న నీటిని నేను ఇరవై తొమ్మిది అనేవాణ్ణి, మీటరు నా పక్షాన నిలిచేది. "నీ నోట్లోనే సముద్రం ఉందిరా రత్నం" అన్నారు ఒకరోజు అందరి ముందూ. అంతే, ఆ మాటతో నేను చెడిపోయాను. తర్వాత చాలా ఏళ్ళు, ఎవరింటికి వెళ్ళినా, ముందు తొట్టెలో వేలు ముంచి, నాలుక మీద పెట్టుకుని, కళ్ళు మూసుకునేవాణ్ణి. ఇంట్లోవాళ్ళు ఊపిరి బిగబట్టి చూసేవారు. నేను కావాలని ఇంకో రెండు క్షణాలు ఆగేవాణ్ణి.

రాజుగారి దగ్గర నేర్చుకున్నవి ఇంకో రెండున్నాయి. పైపుతో నీళ్ళు తోడాలంటే నోటితో ఒక్క గుక్క లాగి వదలడం. ఏ వస్తువునైనా శుభ్రం చేయాలంటే మరిగే నీళ్ళు పోసి కొబ్బరిపీచుతో బరబరా రుద్దడం. హేచరీలో ఇవన్నీ పనికొచ్చాయి. మరిగే నీళ్ళకు క్రిములు చచ్చేవి, మా రొయ్యపిల్లలు బతికేవి. ఆయన మంచి మనిషి, నా కష్టంలో ఆదుకున్నారు. అయినా చెబుతున్నాను, పనిముట్టు అరిగిపోతుందని దాచిపెట్టి మనిషి నోటిని వాడే పెద్దమనిషి దగ్గర పని దొరికితే, ఆయన్ని గౌరవించండి, మీటరు మాత్రం మీరే కొనుక్కోండి.

గుండీలు

కొన్నేళ్ళకు చేపలు ఒక్కటే చాలవు, పగడాలు కూడా కావాలన్నారు జనం. మన సముద్రంలోంచి పగడాలు తీయడం నేరం. ఎవరో మత్స్యకారుడు తెచ్చిచ్చాడని ఒక్క ముక్క కూడా ముట్టుకోకండి. మా వాళ్ళే తెచ్చినా నేను పుచ్చుకోలేదు, నా జీవితంలో నిఖార్సుగా చేసిన పని అదొకటి. కాగితాలు సరిగ్గా ఉన్న మెత్తటి రకాలు చెన్నై నుంచి నీళ్ళ సంచుల్లో వచ్చేవి. వాటిలో ఒకటి రాయి మీద గుత్తులు గుత్తులుగా పెరిగేది. ఒక్కొక్కటి చొక్కా గుండీ అంత ఉండి, చుట్టూ సన్నటి అంచు, మధ్యలో ఆకుపచ్చ రంగు. మేం గుండీలు అనేవాళ్ళం. అసలు పేరు అట్టపెట్టెలోని ఇంగ్లీషు కాగితం మీద ఉండేది. నాకు అక్కర్లేదు అనుకున్నాను.

గుండీలంటే అందరికీ ఇష్టం. చౌక, మొండివి, నా బోటివాడి చేతిలో కూడా చావవు. వాటిలో కొన్ని రకాల ఒంట్లో గట్టి విషం ఉంటుంది. తొట్టెలో వాటి మానాన వాటిని వదిలేస్తే ఎవరినీ ఏమీ అనవు. కోసినా, గీకినా, నలిపినా, ముఖ్యంగా వేడి చేసినా ఆ విషం బయటపడుతుంది. చేతి మీద గాయంలోంచి పోతుంది, కంట్లో చిందితే కన్ను దెబ్బతింటుంది, ఆవిరితో కలిసి ఊపిరిలోకి వెళ్తే ప్రాణం మీదకు వస్తుంది. విరుగుడు మందు లేదు. ఇదంతా ఇప్పుడు గడగడా చెబుతున్నాను కదా, అప్పట్లో నాకు ఒక్క ముక్క తెలియదు.

తెలుసుకునే అవకాశం రాలేదని కాదు. కాకినాడలో ఒక ఇంట్లో గుండీల గుత్తిని బ్లేడుతో రెండుగా కోసి, అలవాటు చొప్పున అదే నీటిలో వేలు ముంచి, ఉప్పు చూశాను. అరగంటలో పెదవులు మొద్దుబారాయి. నోరంతా ఇనుపమేకు చప్పరించినట్టయింది. నేను తిన్నగా వెళ్ళి, పొద్దున నాకు కిళ్ళీ కట్టిచ్చిన అతనితో సున్నం ఎక్కువ వేశావని పోట్లాడాను. పాపం అతను క్షమించమని ఇంకో కిళ్ళీ ఊరికే ఇచ్చాడు. అది కూడా తిన్నాను.

టీచరుగారు

భీమవరంలో సత్యవతి టీచరుగారని, హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన ఆవిడ. భర్త సుబ్బారావుగారికి ఐసు ఫ్యాక్టరీ ఉండేది. వాళ్ళింట్లో తొట్టె పెట్టి, దాన్ని చూసుకోవడం ఆవిడకు నేర్పాను. ఇరవై ఏళ్ళలో నాకు దొరికిన అత్యుత్తమ శిష్యురాలు ఆవిడే. ఏం చెప్పినా నోటు పుస్తకంలో రాసుకునేవారు. ఉప్పు నాలుకతో చూడటం కూడా నేర్పుతానన్నాను. "అక్కర్లేదండి, మీటరు తెప్పించుకున్నాను" అన్నారు. కొంచెం నొచ్చుకున్నాను.

ఆవిడ తొట్టెలోకి గుండీల రాయి తెచ్చిన రోజున సగం నీళ్ళు మార్చే పని కూడా పెట్టుకున్నాను. తొట్టె సగం ఖాళీగా ఉంది. అట్టపెట్టె విప్పుతుంటే నాలుగు మడతల కాగితం ఒకటి కింద పడింది. టీచరుగారు చూశారు.

"అందులో ఏముందండీ? చదివారా?"

"చదివానండి. మామూలు జాగ్రత్తలేనండి."

అప్పుడు నా దృష్టంతా స్టాండు మీద ఉంది. ఆ గది నేల ఒకవైపు వాలు. స్టాండు కాలు ఒకటి నేలకు ఆనీ ఆనకుండా కదులుతోంది. అట్టముక్క ఉందేమో చూస్తానని టీచరుగారు లోపలికి వెళ్ళారు. అంతదాకా ఎందుకని నేను చేతిలో ఉన్న కాగితాన్ని ఇంకో రెండు మడతలు పెట్టాను. సుబ్బారావుగారు మూల కాస్త ఎత్తి పట్టుకుంటే కాలి కిందకు తోశాను. సరిగ్గా సరిపోయింది. తొట్టె నింపితే నీళ్ళు అంచుకు సమంగా నిలిచాయి. కొలిచి తెచ్చినట్టు ఉందని నన్ను నేనే మెచ్చుకున్నాను.

జాతరలో ఫోను

ఏడాది తిరిగేసరికి గుండీలు పక్క రాళ్ళ మీదకు కూడా పాకాయి. ఆషాఢంలో నేను ఇంటిల్లిపాదితో పెద్దాపురం మరిడమ్మ జాతరకు వెళ్ళాను. పొద్దున్నే దర్శనం లైన్లో నిలబడి ఉండగా టీచరుగారు ఫోన్ చేశారు.

"రత్నంగారూ, ఒక రాయి నిండా గుండీలు కమ్మేశాయండి. రాయి బయటకు తీశాను. ఇవి వదిలించాలంటే ఏం చెయ్యమంటారు?"

వెనక డప్పులు, ముందు తోపులాట. మా ఆవిడ కొబ్బరికాయ నా చేతిలో పెడుతోంది. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. తొమ్మిదేళ్ళ హేచరీ నా నోట్లోంచి మాట్లాడింది.

"మరిగే నీళ్ళు పోసి బ్రష్షుతో రుద్దెయ్యండి టీచరుగారూ. దెబ్బకి పోతాయి."

ఆవిడ అదే పుస్తకంలో రాసుకున్నారు, అదే చేశారు. బయట వాన పడుతోందని వంటింటి సింకులో, కిటికీ మూసి చేశారు.

మధ్యాహ్నం సుబ్బారావుగారి ఫోను. "మా ఆవిడకి బాలేదండి. ఒకటే చలి, దగ్గు, వాంతులు. ఆసుపత్రిలో చేర్చాం. నిన్న రొయ్యలు తిన్నాం కదా, అది పడలేదేమో అంటున్నారు డాక్టరుగారు. సెలైను పెట్టి సాయంత్రానికి పంపేస్తారంట. నోరంతా ఇనుము ఇనుముగా ఉందంటుందండీ."

ఆ చివరి మాట వినగానే నాకు కిళ్ళీ గుర్తొచ్చింది. నా పెదవులు గుర్తొచ్చాయి. అయినా, "తగ్గిపోతుందిలెండి" అని ఫోన్ పెట్టేశాను. కొత్తవాళ్ళు ఈ ఒక్క వాక్యం రెండుసార్లు చదవండి. నాకు అనుమానం వచ్చింది, తప్పు నాదవుతుందని నోరు మూసుకున్నాను. పొట్టచేత పట్టుకుని తిరిగినవాణ్ణి, పేరు పోతే పని పోతుందనుకున్నాను. ప్రసాదం తింటూ అరగంట అలాగే కూర్చున్నాను. మా ఆవిడ నా మొహం చూసి ఏంటని అడిగింది. చెప్పాను.

"మరి ఇక్కడ కూచున్నారేంటండీ?" అంది.

కారు మాట్లాడుకుని బయల్దేరాను. దారిలోనే సుబ్బారావుగారికి ఫోన్ చేసి, అది రొయ్యల వల్ల కాదని, వేడినీళ్ళు పోయమన్నది నేనేనని, డాక్టరుగారికి రాయి సంగతి చెప్పమని అన్నాను. తర్వాత డాక్టరు లైన్లోకి వచ్చారు. కుర్ర డాక్టరు, తొందరపడకుండా అడిగారు.

"ఆ పగడం పేరేంటండి?"

"గుండీలంటామండి."

"అది మీరు పెట్టుకున్న పేరు. అసలు పేరు? అందులో ఉండే విషం పేరు?"

నా దగ్గర లేదు. సెల్‌ఫోన్‌లో గుండీ పగడం అని వెతికితే పది రకాల పగడాలు, రెండు రకాల చొక్కాలు చూపించింది. చెన్నై సరుకువాళ్ళకు ఆదివారం సెలవు, ఫోన్ ఎత్తలేదు. ఇన్నేళ్ళుగా వృత్తిలో ఉన్నవాణ్ణి, అమ్మిన ప్రాణి పేరు నాకు తెలియదు. పేరున్న కాగితం ఎక్కడుందో మాత్రం బాగా తెలుసు. మూడు వందల లీటర్ల నీళ్ళ కింద ఉంది.

జాకీ

నేను భీమవరం చేరేసరికి ఇంకా పొద్దుంది. కాగితం సంగతి దారిలోనే చెప్పాను కాబట్టి సుబ్బారావుగారు ఇంటికి వచ్చి, వంటిల్లు తలుపులూ కిటికీలూ బార్లా తీసి, గుమ్మంలో నిలబడి ఉన్నారు. కారు జాకీ తీసి పెట్టమన్నాను. వెంటనే తెచ్చారు. జాకీ వేయాలంటే ముందు సగం నీళ్ళు తోడాలి. నేను పైపు ఒక కొస తొట్టెలో వేసి, రెండో కొస నోట్లో పెట్టుకున్నాను.

లాగబోయి ఆగాను. తలెత్తితే సుబ్బారావుగారు నావైపే చూస్తున్నారు. వంటింట్లోంచి ఒక చెంబు, బక్కెట్టు తెచ్చి నా పక్కన పెట్టారు. ఇద్దరం చెంబుతో ముంచి పోశాం. అంత సేపూ ఆయన నన్ను ఒక్క మాట తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

చెక్కముక్క అడ్డం పెట్టి జాకీ ఎత్తితే కాలు వెంట్రుకవాసి లేచింది. కాగితం లాగాను. మడతలు అతుక్కుపోయి ఉన్నాయి, మధ్యలో స్టాండు కాలి తుప్పు మరక గుండ్రంగా పడింది. విప్పితే అక్షరాలు కనబడ్డాయి. చదివే ధైర్యం లేక అలాగే పట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తాను.

డాక్టరు నిలబడే చదివారు. చదువుతూనే నర్సును పిలిచి ఇంటికి పంపే చీటీ ఆపమన్నారు. టీచరుగారిని ఆక్సిజన్ ఉన్న గదిలోకి మార్చి, గుండె చూసే మిషను తగిలించారు. తర్వాత నావైపు తిరిగారు.

"ఈ కాగితం ఎవరి దగ్గర ఉందండి ఇన్నాళ్ళూ?"

"నా దగ్గరేనండి" అన్నాను. అది కూడా పూర్తి నిజం కాదు.

ఆ రాత్రి టీచరుగారికి ఊపిరి అందలేదట. ఆవిడ ఇంట్లో ఉండి ఉంటే ఏమయ్యేదో డాక్టరు నాకు చెప్పలేదు, నేను అడగలేదు. ఐదు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. ఆ ఐదు రోజులూ నేను వరండాలోనే పడి ఉన్నాను. అంత భయం నా జీవితంలో ఎన్నడూ పడలేదు.

కూర్చోగలిగిన రోజున నన్ను లోపలికి పిలిచారు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"కాఫీ ఇంకా ఇనుములాగే ఉందండి" అన్నారు. గ్లాసు పక్కన పెట్టి, "ఆ కాగితం చదివారా అని అడిగాను, గుర్తుందా?"

"గుర్తుందండి."

"చదివానన్నారు. హోంవర్కు చేశామని పిల్లలు అబద్ధం చెబితే కళ్ళు చూసి పట్టేసేదాన్ని. ఆ రోజు మీ కళ్ళు స్టాండు కాలి మీద ఉన్నాయి. అందుకే దొరకలేదు."

నేను ఏడ్చాను. రాయకుండా దాటేద్దామనుకున్నాను, కానీ పక్క మంచం వాళ్ళందరూ చూశారు కాబట్టి దాచి లాభం లేదు.

ఇక చెయ్యాల్సినవి

తర్వాత చెన్నై వాళ్ళను అడిగీ, తెలిసినవాళ్ళను పట్టుకునీ అన్నీ నేర్చుకున్నాను. గుండీలను ముట్టుకునే ముందు మోచేతి దాకా వచ్చే రబ్బరు తొడుగులు వేసుకోండి, కళ్ళకు అద్దాలు పెట్టుకోండి. చేతి మీద గాయం ఉంటే ఆ రోజు పని మానుకోండి. రాయి తీసెయ్యాలంటే నీటిలోనే సంచిలోకి ఎక్కించి, మూతి బిగించి, అప్పుడు పైకి తీయండి. వంటింట్లోకి తేవద్దు. మరిగించొద్దు, ఎండబెట్టి గీకొద్దు. కోయక తప్పకపోతే తెలిసినవాళ్ళ దగ్గర నేర్చుకుని, గాలి ఆడేచోట, వేరే బక్కెట్టులో, నీటిలో ముంచి కోయండి. తొట్టె బక్కెట్టులో బట్టలు ఉతక్కూడదని ఇంట్లోవాళ్ళకు చెప్పండి. పైపుకు చేత్తో నొక్కే పంపు తగిలించుకోండి. నోరు ఇనుములా అనిపించినా, పెదవులు మొద్దుబారినా, చలి, దగ్గు వచ్చినా, కిళ్ళీ కొట్టు మీదకు వెళ్ళకుండా ఆసుపత్రికి వెళ్ళండి. పగడం అసలు పేరు కాగితం మీద రాసి తీసుకెళ్ళండి.

ఇవి కాక ఇంకోటుంది. మీ మాట విని ఎవరికైనా హాని జరిగిందని అనుమానం వస్తే, అరగంట కూర్చోకండి. నా అరగంట ఎంత పొడుగుందో నాకు తెలుసు.

ఉప్పు ఇప్పుడు నేనూ మీటరుతోనే చూస్తున్నాను. నా నాలుక ఇరవై తొమ్మిది అంటూనే ఉంటుంది, దాని మాట నేను వినను.

అప్పగింత

టీచరుగారు నన్ను మాన్పించలేదు, తొట్టె తీసెయ్యలేదు. గుండీలు కూడా ఒక రాయి మీద అలాగే ఉన్నాయి, పక్కకు పాకకుండా ఇసుక మధ్యలో ఒంటరిగా పెట్టాం. స్టాండు కాలి కింద రబ్బరు ముక్క వేశాను. కాగితాన్ని మాత్రం ఆవిడ డాక్టరు దగ్గర్నుంచి వెనక్కి తెప్పించి, కింద దాని తెలుగు తన గుండ్రటి చేతిరాతలో రాసి, రెండూ కలిపి ఫ్రేము కట్టించి తొట్టె పక్కన గోడకు తగిలించారు. వచ్చిన ప్రతి చుట్టానికీ ఆ తుప్పు మరక చూపించి, నా పేరుతో సహా కథ చెబుతారు. వాళ్ళ చుట్టాలు చాలామంది. నేను వారం వారం ఆ ఫ్రేము ముందే పని చేసుకున్నాను, తలెత్తి దానివైపు చూడలేదు.

పోయిన నెల ఆ ఇంటి పని నిర్మలకు అప్పగించడానికి వెళ్ళాను. నిర్మల ఫిషరీస్ చదివిన అమ్మాయి, నాకంటే బాగా చేస్తుంది. టీచరుగారు కాఫీ ఇచ్చి, గోడ చూపించారు.

"ఇది చదివావా అమ్మా?"

"చదివానండి. రత్నం సార్ ఇదంతా చెప్పారండి."

"చదివానని ఆయన కూడా అన్నారు. పైకి చదువు."

నిర్మల పైకి చదవడం మొదలుపెట్టింది. మొదట పగడం అసలు పేరు, తర్వాత తొడుగుల సంగతి. నాలుగో వాక్యంలో వేడినీళ్ళు పోయరాదని ఉంది. నేను కాఫీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

"రత్నంగారూ, చివరి వాక్యం మీరు చదవండి" అన్నారు టీచరుగారు. "మీరు ఇంతవరకూ చూడలేదని నాకు తెలుసు."

కళ్ళజోడు పెట్టుకుని లేచాను. చివరి వాక్యం తుప్పు మరక పక్కనే ఉంది. కింద టీచరుగారి తెలుగు కూడా ఉంది. చదివాను.

"పగడంతో పాటు ఈ కాగితాన్ని తొట్టె యజమానికి తప్పకుండా అందజేయవలెను."

కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాను.

"అందజేశారు లెండి" అన్నారు టీచరుగారు, ఫ్రేము మీద దుమ్ము చీరచెంగుతో తుడుస్తూ. "కాస్త ఆలస్యంగా."